వెతుకు నొక్కితే వచ్చిన మనిషి

కంప్యూటర్‌లో ‘వెతుకు’ అన్న చోట నొక్కితే మనిషి వస్తాడని తెలుసు కాబట్టి, నొక్కే ముందు సులోచన ముందుగది ఊడ్చి, బల్ల పక్కన ఇంకో కుర్చీ వేసి, ఎసట్లో ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసింది.

మనిషి పదకొండున్నరకు వచ్చాడు. పేరు మునిగాల సత్తయ్య, హోదా అన్వేషకుడు గ్రేడ్-2. యాభై ఏళ్లు ఉంటాయి. ఒక చేతిలో రెక్సిన్ సంచి, ఇంకో చేతిలో చుట్టిన చాప. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు.

“మీరే గదా మేడం నొక్కింది? ఏం పోయింది?”

“పోలేదండి. ఉన్నది. ఏడున్నదో తెల్వది.”

“అందరిది గదే,” అంటూ సత్తయ్య దరఖాస్తు తీసి, ‘పోయినది’ అన్న గడి కొట్టేసి, ‘ఉన్నది, కనబడుటలేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు.

కనబడనిది ఒక పుస్తకం. సులోచన హనుమకొండలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది, ఉద్యోగ విరమణకు ఏడాది ఉంది. పదకొండేళ్లపాటు ప్రతి ఆదివారం పొలాల గట్లమీదా చెరువు కట్టలమీదా తిరిగి జిల్లాలో మొలిచే గడ్డిజాతులన్నిటి గురించీ రాసింది. మొదటి అధ్యాయం ఒక్కటే పోస్టులో ఒక ప్రచురణ సంఘానికి పంపితే, నాలుగేళ్ల తర్వాత జవాబు వచ్చింది. పుస్తకం అచ్చు వేస్తాం, పూర్తి ప్రతి ఇరవై ఐదు రోజుల్లో పంపండి, అందకపోతే వరుసలో తర్వాతి వారికి అవకాశం ఇస్తాం అని అందులో ఉంది. ఉత్తరం చదివి ఆమె నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు రోజులు కూర్చుంది. పోతుందేమోనన్న భయంతో తాను ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చానని ఆమెకు గుర్తుంది. ‘భద్రం’ అన్న ఫోల్డరులో ‘మరీ భద్రం’ అన్న ఫోల్డరు ఉంది. అందులో కరెంటు బిల్లు ఒకటి దొరికింది.

ఆమె భర్త భిక్షపతి ఈ నొక్కడానికి మొదటినుంచీ వ్యతిరేకి. జిల్లా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ ముప్పై ఏళ్లలో ఏనాడూ పుస్తకాల పట్టిక తెరవలేదు. ఏ పుస్తకం అడిగినా, ఎర్ర అట్టది, మూడో బీరువా, కింది అర, గోడ వైపు అని కుర్చీలోంచే చెప్పేవాడు. ఆయన రిటైరైన మర్నాటినుంచి ఆ గ్రంథాలయంలో ఎవరికీ ఏ పుస్తకమూ దొరకలేదు. అది తన గొప్పతనమని ఆయన అనుకునేవాడు.

“మన ఇంట్ల ఉప్పు డబ్బా ఏడున్నదో చెప్పనీకి సర్కారు మనిషి రావాల్నా?” అని సత్తయ్య ఎదుటే అడిగాడు.

సత్తయ్యకు కోపం రాలేదు. సంచిలోంచి ఒక సర్క్యులర్ తీసి చదివి వినిపించాడు. “తన ఫైలు ఎచట ఉన్నదో తనకు గుర్తున్న వ్యక్తికి ఈ సేవ అవసరం లేదు. మీరన్నది కరెక్టే సార్. ఇది మొదటి పేరాలనే ఉన్నది.”

“మరి ఇంకెందుకు వచ్చినవ్?”

“రెండో పేరా ఉన్నది సార్.”

రెండో పేరా ప్రకారం, అన్వేషకుడు దేనినైనా వెతికే ముందు కంప్యూటర్‌లో ఉన్న సమస్తమూ తెరిచి, చదివి, సూచిక తయారు చేయాలి. సులోచన కంప్యూటర్‌లో నలభై ఒక్క వేల మూడు వందల ఆరు ఫైళ్లు ఉన్నాయి. పన్నెండు రోజుల పని. సాయంత్రం ఇంటికి వెళ్లిపోతే ఈలోగా యజమాని కొత్త ఫైలేదైనా పెట్టి సూచికను చెడగొట్టే ప్రమాదం ఉంది కాబట్టి, పని ముగిసేవరకు అన్వేషకుడు ఆ ఇంట్లోనే ఉండాలి. చాప అందుకే. వీధిలో ఇది కొత్తేమీ కాదు. ఎదురింటి కంసాని వాళ్లు పిల్లవాడి టెన్త్ మెమో కోసం నొక్కితే వచ్చిన మనిషి తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. రేషన్ కార్డులో కూడా పేరు ఎక్కింది.

“పుస్తకం ఒక్కటి చూస్తే సాలదా? అన్నీ ఎందుకు సదువుడు?” అంది సులోచన.

“మేడం, అది ఏదో తెల్వాల్నంటే, అది కానిది ఏదో తెల్వాలె గదా.”

ఆమె పిల్లలకు మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పేటప్పుడు చెప్పే మాట కూడా దాదాపు ఇదే. అందుకని ఇంకేమీ అడగలేదు.

సత్తయ్య మంచివాడు. పొద్దున పదింటికి కూర్చుంటే ఐదింటికి లేచేవాడు. చదివేటప్పుడు పెదవులు కదిలేవి. చెత్తబుట్టలో పడేసినవి కూడా చదివాడు. అవి చదివేముందు మాత్రం లేచి చేతులు కడుక్కునేవాడు. అన్నం దగ్గర చదివినవాటి గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. లెక్క మాత్రం చెప్పేవాడు, అది నిబంధన. ప్రశ్నపత్రాలు ఆరు వందల పన్నెండు, ఆకుల ఫొటోలు పందొమ్మిది వేలు, సెలవు చీటీలు ఎనభై, అందులో నిజమైన జ్వరాలు ముప్పై ఒకటి.

ఐదో రోజు పప్పు కలుపుకుంటూ, “పంపని ఉత్తరాలు నాలుగు,” అన్నాడు.

భిక్షపతి చెయ్యి కంచంలో ఆగింది. సులోచన చూడలేదు. ఆమె ఆలోచన ఇంకా మిగిలిన పదహారు రోజుల మీద ఉంది.

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్లాక భిక్షపతి టీ పెట్టి తెచ్చి సత్తయ్య బల్లమీద పెట్టాడు. ఆ ఇంట్లో ఆయన టీ పెట్టడం అదే మొదలు.

“ఆ నాలుగిట్ల ఒకటి నాదే.”

“అవును సార్. ఫిబ్రవరి పదమూడు, ఆదివారం. పద్నాలుగేళ్లయింది.”

ఆ ఆదివారం సులోచన టోపీ పెట్టుకుని గడ్డి చూడటానికి వెళ్లిపోయాక, భిక్షపతి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక వేలితో, గంటన్నర కష్టపడి ఉత్తరం రాశాడు. నువ్వు ప్రతి ఆదివారం ఒక్కదానివే పోతున్నావు. నాకు గడ్డి సంగతి ఏమీ తెలియదు. అయినా నేను కూడా వస్తాను. సంచి మోస్తాను. ఊరికే మాట్లాడను. ఇంతే. అచ్చు తీయడం రాక అక్కడే వదిలేశాడు. సాయంత్రం ఆమె ఎండకు కంది వచ్చింది, చెబుదామనుకుని నీళ్లిచ్చి ఊరుకున్నాడు.

“ఆమెకు చెప్పకు,” అన్నాడు భిక్షపతి.

“అడిగితే చెప్పాలె సార్. అడగకపోతే చెప్పను.”

“అడిగితేనో?”

సత్తయ్య టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. “ఇరవై రెండేండ్ల నుంచి చేస్తున్న సార్ ఈ పని. ఎవ్వరు అడగరు. అడగాల్నంటే అది ఉన్నదని తెల్వాలె గదా.”

పన్నెండో రోజుకు సూచిక పూర్తయింది. ఆదివారం కావడంతో ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సత్తయ్య చొక్కా మార్చుకుని వచ్చాడు.

“ఇప్పుడు అడుగుండ్రి మేడం.”

“గడ్డి,” అంది సులోచన.

రెండు వేల మూడు వందల పద్దెనిమిది దొరికాయి. ఈమధ్య ఎక్కువసార్లు తెరిచినది ముందు చూపాలన్నది నిబంధన. అందరికంటే ముందు వచ్చింది, వీధి చివరి పార్కులో గడ్డి కోయడం లేదని భిక్షపతి మున్సిపాలిటీకి పెట్టిన ఫిర్యాదు. దాన్ని ఆయన నూట నలభైసార్లు తెరిచి చూసుకున్నాడు.

“పుస్తకం పేరు చెప్పుండ్రి.”

పేరు ఆమె ఏడుసార్లు మార్చింది. ఏడూ చెప్పింది. ఏదీ రాలేదు.

“అయితే లోపలున్న వాక్యం ఒక్కటి చెప్పుండ్రి. నేను సదివినా సరే, మీరు చెప్పిన దాని మీదనే తియ్యాలె, నిబంధన. అక్షరం తేడా రావద్దు. ఒక్కటి సాలు.”

సులోచన నోరు తెరిచింది. ఏ అధ్యాయం తర్వాత ఏదో ఆమెకు తెలుసు. ఏ గడ్డి ఏ నేలలో వస్తుందో తెలుసు. ఏ పేరా రాస్తుండగా కుక్కర్ కూత వేసిందో కూడా తెలుసు. వాక్యం మాత్రం రాలేదు. “ఊద అనేది...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. “గరిక మొదలు...” అని ఆగిపోయింది. అలా సాయంత్రం దాకా పద్దెనిమిది మొదళ్లు చెప్పింది. సత్తయ్య ప్రతిదీ రాసుకుని, వెతికి, లేదన్నాడు.

“పదకొండేండ్లు రాసిన,” అంది ఆమె. “ఒక్క ముక్క యాదికొస్తలేదు.”

“రాసేదే మరిసిపోనీకి మేడం,” అన్నాడు సత్తయ్య. అది ఓదార్పుగానే అన్నాడు.

సోమవారం నుంచి ఆమె సెలవు పెట్టింది. మంచంమీద కూర్చుని గోడకేసి చూస్తూ వాక్యం కోసం ఎదురుచూసింది. అన్నం సరిగ్గా తినలేదు. ఈలోగా సత్తయ్య, పని లేక, తన విధి కాకపోయినా, ఇంట్లో ఎవరికేది కావాలన్నా అందించసాగాడు. ఆమె “సత్తయ్య గారూ, నా...” అనగానే “కళ్లద్దాలు, ఫ్రిజ్ మీద,” అనేవాడు. భిక్షపతి మొదట్లో మొహం తిప్పుకునేవాడు. గురువారం పొద్దున తన బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో ఎంతకీ తేలక, చివరికి ముందుగదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఏసుకున్నరు సార్. ఏడు ఇరవైకి,” అన్నాడు సత్తయ్య, ఆయన అడగకముందే.

ఆ రోజు మధ్యాహ్నం భిక్షపతి సంచి భుజానికి తగిలించుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

“పా సులోచనా. పొలం కాడికి పోదాం.”

ఆమె ఆయన్ని వింతగా చూసింది. “మీరా?”

“సంచి నేను పట్టుకుంట.”

హసన్‌పర్తి వైపు వెళ్లే బస్సెక్కి, ఊరు దాటాక దిగారు. వరి మోకాలెత్తు ఉంది. మడిలో ఒక ఆడమనిషి వంగి కలుపు తీస్తోంది. ఎడంచేత్తో మొక్కల్ని నిమురుతూ పోయి, ఒక్కోచోట ఆగి కుడిచేత్తో పీకుతోంది. పీకేదీ పచ్చగానే ఉంది, వదిలేసేదీ పచ్చగానే ఉంది.

“రెండు ఒక్కతీర్గనే కనబడ్తున్నయ్ గదనే. ఎట్ల తెలుస్తది?” అని భిక్షపతి గట్టుమీంచి అడిగాడు.

“చేతికి తెలుస్తది సారూ,” అంది ఆమె, తలెత్తకుండానే.

సులోచన చెప్పులు విడిచి మడిలోకి దిగింది. వంగి ఒక ఊద మొక్కను పట్టుకుని, ఆకు కాండాన్ని తాకేచోట బొటనవేలితో తడిమింది. పక్కన ఉన్న వరిని తడిమింది. మళ్లీ ఊదను తడిమింది. అప్పుడు వాక్యం వచ్చింది. గొంతులోంచి కాక వేలిలోంచి వచ్చినట్టు వచ్చింది.

“ఊద వరి పక్కనే నిలబడి వరిలాగే పెరుగుతుంది. ఆకు మొదట్లో వరికి ఉండే పలుచని పొర దీనికి ఉండదు. ఆ లేనిదాన్ని బట్టే దీన్ని గుర్తుపట్టాలి.”

“ఆగు ఆగు,” అంటూ భిక్షపతి బస్సు టికెట్టు వెనక రాసుకున్నాడు. చోటు చాలక తన అరచేతిలో ముగించాడు. ఆమె నవ్వింది. బురద కాళ్లతో గట్టుమీద ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. గాలికి వరీ ఊదా ఒకేలా వంగుతున్నాయి. ఆమె ఇంకో మూడు వాక్యాలు కూడా చెప్పింది, ఊరికే, వస్తున్నాయి కాబట్టి. ఆయన ఇన్నేళ్లలో ఆమె ఆదివారాలు ఎలా ఉంటాయో మొదటిసారి చూశాడు.

“సులోచనా,” అన్నాడు.

“ఊఁ.”

“నేను ఒకసారి...” అని ఆగాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిన్న ఉత్తరం. పైగా అది ఎక్కడికీ పోలేదు. తేదీతో సహా సూచికలో ఎక్కింది. తాను చెప్పినా చెప్పకపోయినా ఉంటుంది. ఆ ఆలోచనతో ఆయన మనసు తేలికపడింది.

“ఏంది?”

“ఏం లేదు. బస్సు వస్తది, పా.”

వాక్యం ఇచ్చిన పది సెకన్లకు పుస్తకం దొరికింది. ఎప్పుడో ఒకనాడు సులోచన స్టాఫ్ మీటింగు వివరాలు తెరిచి ఉండగా, వాటిని చెరిపేసి అందులోనే రాయడం మొదలుపెట్టింది. ఫైలు పేరు మార్చలేదు. నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం ‘మీటింగు, పాతది, అక్కర్లేదు’ అన్న పేరుతో ఉంది. ఆ పేరు మీదుగా ఆమె, మొదట తానే వెతికిన ఆ నాలుగు రోజుల్లో కనీసం ముప్పైసార్లు వెళ్లి ఉంటుందని సత్తయ్య లెక్క చెప్పాడు.

సత్తయ్య వచ్చిన పద్దెనిమిదో రోజు పుస్తకం సంఘానికి చేరింది.

మర్నాడు సత్తయ్య చాప చుట్టి, రెండు పత్రాలు బల్లమీద పెట్టాడు. ఒకటి సేవ ముగింపు, ఒకటి సేవ కొనసాగింపు. ముగింపు పత్రం కాగితం పసుపుపచ్చగా మారి, అంచులు విరుగుతోంది.

“ఇది పాతగున్నదేంది?” అంది సులోచన.

“నేను ఉద్యోగంల చేరిన్నాడు ఇచ్చిన్రు మేడం. ఒక్కటే ఇచ్చిన్రు. ఇంకా అక్కర పడలేదు.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారం రోజులుగా మాత్రలు, తాళంచెవులు, పుట్టినరోజులు, ఎవరికి ఏం మాట ఇచ్చారు, ఏ చుట్టంతో ఎందుకు మాటల్లేవు, అన్నీ ముందుగదిలోంచే వస్తున్నాయి. భిక్షపతి జేబు తడుముకున్నాడు.

“పెన్ను పై జేబుల ఉన్నది సార్,” అన్నాడు సత్తయ్య.

భిక్షపతి పెన్ను తీసి కొనసాగింపు పత్రం మీద సంతకం పెట్టాడు. సర్క్యులర్‌లోని మొదటి పేరా మాట ఎవరూ ఎత్తలేదు.

నవంబరులో సంఘంవాళ్లు పుస్తకం చివర వేయడానికి రచయిత్రి గురించి ఆరు వాక్యాలు అడిగారు. సులోచన కాగితం ముందు కాసేపు కూర్చుని, తర్వాత సత్తయ్యను అడిగింది. ఆయన ఆరు వాక్యాలు చెప్పాడు. బాగున్నాయి. తాను అంత ఓపిక గల మనిషినని ఆమెకు తెలియదు. ఇంకేం రాయాలనుకున్నానని అడిగితే, తుంగజాతులు, ఆరేళ్ల కిందట అనుకున్నారు అన్నాడు. సరేనంది. అప్పటినుంచి ఆమెకు ఇది అలవాటైంది. తనకు ఏ రంగు నప్పుతుందో, పెద్దాడపడుచు తన మంచి కోరేదో కాదో, పోయిన ఏడాది ఈ నెలలో తాను సంతోషంగా ఉందో లేదో అడిగేది. సత్తయ్య దేనికీ తనంతట తాను జవాబు కల్పించేవాడు కాదు. కాగితంలో ఉన్నదే చెప్పేవాడు. భిక్షపతి రాసిన ఆ ఉత్తరం గురించి మాత్రం ఆమె అడగలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆమె కూరగాయల సంచి పట్టుకుని ముందుగదిలో ఆగింది.

“సత్తయ్య గారూ, నాకు ఏం కూర ఇష్టం?”

“చిక్కుడుకాయ మేడం. కాలేజీ భోజనాల పట్టీల మీ పేరు ఎదురుంగ పదకొండుసార్లు రాసి ఉన్నది.”

పేపరు చదువుతున్న భిక్షపతి తలెత్తాడు. పెళ్లయిన కొత్తలో, తన తల్లి వడ్డించిన చిక్కుడుకాయ కూరను ఎవరూ చూడకుండా కంచం అంచుకు జరిపి, అన్నం కింద దాచిన అమ్మాయి ఆయన కళ్లముందు మెదిలింది. తర్వాత ఏనాడూ ఆ ఇంట్లో ఆ కూర వండలేదు. ఎందుకు వండలేదో ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

“నువ్వు చిక్కుడుకాయ తినవు గదా,” అన్నాడు.

సులోచన భర్త వైపు చూసి, తర్వాత సత్తయ్య వైపు చూసింది. సత్తయ్య మర్యాదగా ఒకసారి సూచికంతా వెతికాడు.

“ఏడన్న రాసి ఉన్నదా సార్?”

“గిది కూడ రాసుకుంటరా ఎవరన్న?”

“రాసి లేదు సార్.”

 ఆ అమ్మాయిని తాను చూసింది తన పెళ్లయిన కొత్తలోనో, తమ్ముడి పెళ్లయిన కొత్తలోనో భిక్షపతి ఇప్పుడు కచ్చితంగా చెప్పలేకపోయాడు. పేపరు మళ్లీ పైకెత్తాడు.

“నేనే మరిసిన కావచ్చు,” అన్నాడు.

ఆమె అరకిలో లేత చిక్కుళ్లు తెచ్చి, ఈనెలు తీసి, వెల్లుల్లి కారం వేసి వండింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. మొదటి ముద్దకు సులోచన గొంతు దగ్గర ఏదో అడ్డుపడినట్టయింది. నీళ్లు తాగింది. తర్వాత రెండోసారి కూడా కూర వడ్డించుకుంది.